మార్పుల చిట్టా

తాడేపల్లిగూడెములో 2015లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఏర్పడినది. ఏలూరులోను ఇంజనీరింగు కళాశాలలు కలవు. ఇట్టి చోట్ల విద్యార్థులు జట్టుగా కూడి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుదురు. పని ఒకరు చేయగా మార్కులు అందరును పంచుకొనుట తరచు కలుగు చిక్కు. మార్కులు పంచుకొనవచ్చును గాని విద్యను పంచుకొనుట ఎట్లు?

ఇందుకు ‘గిట్’ అను సాధనము అక్కరకు వచ్చును. లైనస్ టోర్వాల్డ్స్ దానిని 2005లో రూపొందించెను. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు మార్చిరో అది దుకాణపు చిట్టావలె చూపును. కారణము వ్రాయుటకును అందు చోటు కలదు.

ఒక జట్టు కొల్లేటి నీటిమట్టమును చూపు ప్రోగ్రాము వ్రాయుచున్నదనుకొందము. ఒకరు అడుగులలోను, మరియొకరు మీటర్లలోను లెక్క వేసిరి. నీరు ఒక్క రాత్రిలో మూడవ వంతుకు పడిపోయినట్లు కనిపించును! “సరిచేసితిని” అని మాత్రమే వ్రాసినచో తోటివారికి తెలియునదేమి? “కొలతలు కలిసిపోయినవి, అన్నింటిని మీటర్లలోనికి మార్చితిని” అన్నచో వ్రాసినవారు ఆలోచింతురు, చదివినవారు నేర్తురు.

చిట్టా తనంతట తాను పాఠము చెప్పదు. వారమున కొకసారి జట్టంతయు గురువుగారితో కూర్చుండి దానిని చదువవలెను. ఎన్ని మార్పులు చేసిరని కాక, ఎందుకు చేసిరని వారు అడుగవలెను. చిట్టాలో పేరు కానరాని విద్యార్థి అప్పుడే కంటబడును. అతనికి పని నేర్పుటకు ఇంకను వ్యవధి యుండును.