విత్తనపు చీటి, ఫైలు సంతకము

ధ్రువీకృత విత్తనము కొనబోవు రైతు సంచిమీది బొమ్మను జూచి తృప్తిపడడు. సంచికి గుట్టిన నీలిరంగు చీటిని జూచును. ముద్ర చెదరలేదుగదా యని పరికించును. లాటు సంఖ్యను చదివించుకొనును. నకిలీ విత్తనము పొలములో బడువఱకు పట్టుబడదు. పట్టుబడునాటికి అదను దాటిపోవును. ఇట్టి జాగ్రత్తయే నేడు మఱియొక సరకు విషయమున మన సహకార సంఘములకు వలసియున్నది. ఆ సరకు ఇంటర్నెట్టు ద్వారా కంప్యూటరులోనికి దింపుకొను ఫైలు.

2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. చిట్టా ఆవర్జాలలో నుండిన లెక్కలు యంత్రములలోనికి చేరుచున్నవి. సభ్యుని వాటాధనము, పంటఋణము, డిపాజిట్టు, ఎరువుల నిలువ మొదలగునవన్నియు అందే యుండును. లెక్కల సాఫ్టువేరు పై కార్యాలయమునుండి వచ్చునదే కావచ్చును. కాని అదే యంత్రముమీద ఉత్తరములు వ్రాయుటకును, పట్టికలు వేయుటకును, మూటగట్టిన ఫైళ్లను విప్పుటకును వలయు ఇతర ప్రోగ్రాములను గుమాస్తా దింపుకొనుచుండును. వానిలో నొక్కటి నకిలీదైనను, మీటలపై నొక్కిన రహస్యపదములను దొంగకు చేరవేయగలదు. లెక్కల ఫైళ్లను బంధించి విడుదలకు సొమ్మడుగగలదు. యంత్రము గుమాస్తా చేతిలో నుండవచ్చును; అందలి లెక్క సభ్యునిది. కావున ఈ పరీక్షను సభ్యులెల్లరు నెఱుగుట మేలని తలంచి యిచట వివరించుచున్నాము.

నిజమైన అంగడిలో నకిలీ సరకు

ఇది కల్పితమైన భయము కాదు. లినక్సు మింట్ అనునది అనేక దేశములవారు ఉచితముగా వాడుకొను నిర్వాహక వ్యవస్థ. 2016 ఫిబ్రవరి 20వ తేదీని దొంగలు దాని వెబ్‌సైటులో జొరబడి, 17.3 సిన్నమన్ అను ప్రతిని దింపుకొను లంకెను మార్చివేసిరి. ఆ లంకెను నొక్కినవారికి బల్గేరియాలోని వేఱొక సర్వరునుండి, లోపల దొంగదారి పెట్టిన ప్రతి వచ్చెను. వెబ్‌సైటు నిజమైనదే, దాని పేరును నిజమైనదే, ఫైలు మాత్రము దొంగది. మఱునాడు నిర్వాహకులు సంగతిని బాహాటముగా ప్రకటించి, ఆ దినమున దింపుకొన్న ప్రతులను పరీక్షించుకొనుడని హెచ్చరించిరి. మంచి అంగడికి పోయినంతమాత్రమున మంచి సరకే దొరకునని చెప్పరాదని దీనివలన తేలుచున్నది.

ఫైలు ప్రక్కన హాష్ అను పొడుగైన సంఖ్యను ప్రకటించు వాడుక కలదు. ఫైలులో నొక్క అక్షరము మారినను ఆ సంఖ్య గుర్తుపట్టరానంతగా మారిపోవును. దారిలో ఫైలు చెడినదో లేదో తెలిసికొనుట కిది మంచి సాధనము. కాని వెబ్‌సైటులో జొరబడి ఫైలును మార్చగల దొంగ, ప్రక్కనున్న సంఖ్యను మార్చలేడా? దొంగతూకము వేసినవాడే రసీదును వ్రాసి యిచ్చినట్లగును. మఱియు హాష్ రకములలో ఎండీ5 అనునది 2004లోను, షా1 అనునది 2017లోను, భిన్నమైన రెండు ఫైళ్లకు ఒకే సంఖ్య వచ్చునట్లు పరిశోధకులు చేసి చూపుటచే విశ్వాసమును గోల్పోయినవి. ఫైలు చెడలేదని చెప్పిన చాలదు. ఎవరు పంపిరో చెప్పు గుర్తుగూడ కావలయును. అట్టి గుర్తే డిజిటల్ సంతకము.

సంతకము పనిచేయు విధము

ఈ సంతకమునకు మూలమైన ఆలోచనను 1976లో డిఫీ, హెల్మన్ అనువారు ప్రకటించిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అను మువ్వురు దానిని ఆచరణలో పెట్టు గణితమార్గమును కనుగొనిరి. 1991లో ఫిల్ జిమ్మర్మన్ పీజీపీ అను ప్రోగ్రామును, 1999లో వెర్నర్ కోఖ్ జీపీజీ అను ప్రోగ్రాము యొక్క మొదటి పూర్తి ప్రతిని వెలువరించిరి. జీపీజీ నేటికిని ఉచితముగా లభించుచున్నది.

ఇందు రెండు తాళపుచెవులు జంటగా పుట్టును. ఒకటి రహస్యమైనది, దానిని ఫైలు తయారుచేసినవాడు తనవద్దనే భద్రపఱచుకొనును. రెండవది బహిరంగమైనది, దానిని లోకమునకెల్ల పంచిపెట్టును. రహస్యపు చెవితో చేసిన సంతకమును బహిరంగపు చెవితో నెవరైనను పరీక్షింపవచ్చును. బహిరంగపు చెవితో సంతకము చేయుట మాత్ర మసాధ్యము. కాగితముమీది సంతకము ఏ కాగితముపైనను ఒకే తీరున నుండును. ఈ సంతకమట్లుగాక ఫైలు లోని విషయమునుబట్టి పుట్టును. కావున ఒక ఫైలు సంతకమును మఱియొక ఫైలునకు అతికించిన చెల్లదు.

ఈ సంతకము ఫైలులోపల నుండక వేఱొక చిన్న ఫైలుగా నుండినచో దానిని విడి సంతకమందుము. అసలు ఫైలు పేరునకు చివర ‘ఏఎస్‌సీ’ యనిగాని ‘సిగ్’ అనిగాని చేర్చి దానికి పేరు పెట్టుదురు. తెలుగులోగూడ వాడుకొనదగిన లిబ్రెఆఫీసునకును, అపాచీ సంస్థవారి ప్రోగ్రాములకును ఇట్టి విడి సంతకములు దొరకును. అసలు ఫైలును ముట్టుకొనకుండ సంతకమును ప్రక్కన నుంచుటయే దీని సౌకర్యము. చీటి సంచికి వేఱుగా నుండుటయే దీనిలోని చిక్కు. చీటి వేఱైనపుడు, ఈ చీటి ఈ సంచిదేనా యని అడుగవలసిన భారము కొనువానిపై బడును.

మూడు ప్రశ్నలు

పరీక్ష చేయువారు మూడు ప్రశ్నల నడుగవలెను.

మొదటి ప్రశ్న: సంతకము ఏ ఫైలుమీదిది? జీపీజీలో ‘వెరిఫై’ అను ఆజ్ఞ కలదు. దాని తరువాత సంతకపు ఫైలు పేరు నొక్కదానినే యిచ్చి ఊరకుండువారు పెక్కుమంది. ఇందులో నొక మోసమునకు సందు కలదు. జీపీజీ సంతకములలో, విషయమును సంతకమును ఒకే ఫైలులో నిముడ్చుకొను రకముకూడ నున్నది. ప్రోగ్రాము కర్త యెప్పుడో సంతకము చేసి ప్రకటించిన పాత ఉత్తరము నొకదానిని దొంగ సంపాదించి, దానికి విడి సంతకపు ఫైలు పేరు పెట్టి, నకిలీ ప్రోగ్రాము ప్రక్కన నుంచవచ్చును. అప్పుడు ఒక్క పేరే యిచ్చినచో జీపీజీ ఆ ఉత్తరమునే పరీక్షించి, మంచి సంతకమని చెప్పును. సంతకము నిజముగా కర్తదే. కాని ప్రక్కనున్న ప్రోగ్రామును జీపీజీ చూడనే లేదు. నిజమైన కరణము వ్రాసిన పాత రసీదును క్రొత్త దస్తావేజునకు గుచ్చినట్టి పని యిది. కావున ‘వెరిఫై’ తరువాత మొదట సంతకపు ఫైలు పేరును, పిదప అసలు ఫైలు పేరును, రెండింటిని తప్పక యియ్యవలెను. రెండును ఇచ్చినచో, అది విడి సంతకము కానియెడల జీపీజీ నిరాకరించును.

రెండవ ప్రశ్న: సంతకము చేసిన చెవి యెవరిది? చెవిమీద పేరును ఈమెయిలు చిరునామాను ఎవరైనను వ్రాసికొనవచ్చును. వ్రాయువాడు అతడేనా యని జీపీజీ అడుగదు. దొంగయు కర్త పేరుతో నొక క్రొత్త చెవిని క్షణములో పుట్టింపగలడు. కావున పేరును నమ్మరాదు. చెవి యొక్క వ్రేలిముద్రను చూడవలెను. నేడు హెచ్చుగా వాడుకలోనున్న చెవులకు ఈ వ్రేలిముద్ర 40 గుర్తులు గలది. అందు అంకెలును, ఇంగ్లీషు అక్షరములలో మొదటి ఆఱును వచ్చును. చివరి 8 గుర్తులను మాత్రము పోల్చుట పూర్వపు అలవాటు. చివరి 8 గుర్తులు సరిపోవు దొంగచెవులను పుట్టించుట సులభమని 2014లో పరిశోధకులు చేసి చూపిరి. నలువదింటిని పోల్చవలెను.

మూడవ ప్రశ్న: ఆ చెవి మనకు ఏ దారిన వచ్చెను? ఫైలును, సంతకమును, చెవిని, వ్రేలిముద్రను ఒకే పుటనుండి ఒకే దినమున దింపుకొన్నచో, ఆ పుట దొంగ వశమైననాడు నాలుగును దొంగవే యగును. వ్రేలిముద్రను వేఱొక దారిని విచారించవలెను: అచ్చైన పుస్తకమునందో, ఆ సంస్థయొక్క పాత ప్రకటనలయందో, దానిని ఏండ్లతరబడి వాడుచున్న వేఱొక సంఘమువారి వద్దనో చూచి సరిపోల్చవలెను. ఒకమారు నిశ్చయించుకొన్న చెవిని భద్రపఱచుకొనవలెను. మఱుసటి ప్రతి వచ్చినపుడు అదే చెవితో పరీక్షించిన చాలును. ప్రతిసారి క్రొత్తగా దింపరాదు. చెవి మారినదని చెప్పినచో, క్రొత్త చెవిని పాత చెవితో సంతకము చేసిరా యని విచారింపవలెను.

మన దేశమున 2000 సంవత్సరపు ఇన్‌ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము క్రింద డిజిటల్ సంతకములకు చెల్లుబాటు కలదు. ఆ పద్ధతిలో లైసెన్సు పొందిన సంస్థ యొకటి మనిషిని విచారించి, ఈ చెవి ఈతనిదని ధ్రువపత్రమిచ్చును. జీపీజీ వాడుటకు అట్టి రిజిస్ట్రారు అక్కఱలేదు. కావుననే ఆ విచారణ మనమే చేసికొనవలసియున్నది.

యంత్రము చెప్పు మాటలకు అర్థము

పరీక్ష చేసినపుడు జీపీజీ ఇంగ్లీషున కొన్ని మాటలు చెప్పును.

‘బ్యాడ్ సిగ్నేచర్’ అన్నచో ఫైలునకును సంతకమునకును పొత్తు లేదు. ఫైలు సగములో తెగియుండవచ్చును, లేదా మార్పబడియుండవచ్చును. దానిని తెఱువక తీసివేసి, మరల దింపుకొని పరీక్షింపవలెను. మరల నట్లే వచ్చినచో దాని జోలికి పోరాదు.

‘నో పబ్లిక్ కీ’ అన్నచో పరీక్షయే జరుగలేదు. తప్పు కనబడలేదుగదా యని ముందుకు సాగుట ప్రమాదము.

‘గుడ్ సిగ్నేచర్’ అని చెప్పి, దాని క్రింద ఈ చెవి నమ్మదగిన సంతకముతో ధ్రువపడలేదని హెచ్చరించినచో, గణితము సరిపోయినదనియు, చెవి యెవరిదో మనము తేల్చుకొనలేదనియు అర్థము. హెచ్చరిక నిత్యము కనబడుచుండుటచే దానిని చదువకుండుట చాలమందికి అలవాటైనది. ఇక్కడనే వ్రేలిముద్రను పోల్చవలెను.

విండోసు యంత్రములలో జీపీజీ ఫర్ విన్ అను మూటతో వచ్చు క్లియోపాత్ర అను ప్రోగ్రాము ఇదే పనిని కిటికీలు, బొత్తాములతో చేసిపెట్టును. కొన్ని విండోసు ప్రోగ్రాములకు సంతకము లోపలనే యుండును. దానిని విండోసే పరీక్షించును. లినక్సు కెర్నలు విషయమున విడి సంతకము మూట విప్పిన ఫైలుమీదిది. కుదించిన ఫైలుమీద పరీక్షించినచో సరిపోదు. దేనిమీద సంతకము చేసిరో కర్తలు చెప్పినది చదివికొనవలెను.

సంతకము చెప్పనివి

సంతకము ఎవరి చేతిదో చెప్పును గాని, ఆ చేయి మంచిదని చెప్పదు. 2024 మార్చి 29వ తేదీని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, ఎక్స్‌జెడ్ అను ఫైళ్లను కుదించు ప్రోగ్రాము యొక్క 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగదారి యున్నదని వెల్లడించెను. ఆ ప్రతులపై సంతకము నిజమైనదే. నమ్మకముగా చేరి నిర్వాహకుడైనవాడే దొంగదారిని పెట్టెను. విత్తనపు చీటి నిజమైనంతమాత్రమున పంట పండునని హామీ లేనట్లే యిదియు.

మఱియు విడి సంతకము ఫైలు లోని విషయమును కాపాడును గాని పేరును కాపాడదు. లోపములు బయటపడిన పాత ప్రతికి క్రొత్త ప్రతి పేరు పెట్టి, పాత సంతకముతోనే యిచ్చినచో పరీక్ష నెగ్గును. సంతకము చేసిన తేదీని జీపీజీ చూపును. దానిని, ప్రతి సంఖ్యను సరిచూచుకొనవలెను.

సంఘములు చేయదగిన పని

ఇనుపపెట్టెకు రెండు తాళములు వేసి, ఒకటి కార్యదర్శివద్దను, ఒకటి పాలకవర్గ సభ్యునివద్దను ఉంచు ఆచారము మనకు క్రొత్తది కాదు. ఆ ఆచారమునే యిందునను పాటింపవచ్చును. కార్యాలయములో వాడు ప్రోగ్రాముల పేర్లును, వాని చెవుల వ్రేలిముద్రలును ఒక పుస్తకమున సిరాతో వ్రాయవలెను. ఒకరు తెరమీది గుర్తులను చదువగా మఱొకరు పుస్తకముతో పోల్చవలెను. పరీక్ష ముగియువఱకు ఫైలును తెఱువరాదు, నడుపరాదు, మూట విప్పరాదు. కెర్నలు వంటి వానికి మాత్రము పరీక్షకొఱకు కుదింపు తీయుట తప్పదు. పరీక్షించిన ప్రతినే వాడవలెను గాని, పిమ్మట మరల దింపిన ప్రతిని వాడరాదు. తేదీ, ప్రతి సంఖ్య, పరీక్షించినవారి పేర్లు పుస్తకమున నెక్కించవలెను.

ఇందులకు ఖర్చు లేదు. పది నిమిషముల ఓపిక చాలును. రానున్న సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘ సభ్యుడును తమ కార్యదర్శిని ఒక్క మాట అడుగవలెనని కోరుచున్నాము: ‘మన యంత్రములోనికి దింపిన ఫైళ్లను ఎవరు, ఏ చెవితో పరీక్షించిరి?’ ఈ ప్రశ్నకు పుస్తకము తెఱచి జవాబు చెప్పగల సంఘములో సభ్యుని లెక్కకు కాపుదల కలదని చెప్పవచ్చును.