సిగ్నల్ లేని 160 కిలోమీటర్లు: ఫ్లై ఫిషింగ్ రాఫ్ట్ ట్రిప్‌లో మీ ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఐపీ68, శాటిలైట్ ఎస్ఓఎస్, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఏ ఫోన్ రివ్యూ చూసినా ఈ మూడు కనిపిస్తాయి. సిటీలో ఉన్నంతకాలం వీటిలో ఏది నిజంగా పనిచేస్తుందో మనకు తెలిసే అవసరమే రాదు. ఫోన్ తడిస్తే సర్వీస్ సెంటర్ ఉంది, ఛార్జింగ్ అయిపోతే పక్కనే సాకెట్ ఉంది, ఏదైనా జరిగితే 108 ఉంది. ఈ మూడూ లేని చోటుకు వెళ్తే అదే ఫోన్ ఎలా కనిపిస్తుందో చూద్దాం. చోటు: అమెరికాలోని ఐడహో రాష్ట్రం. నది పేరు మిడిల్ ఫోర్క్ ఆఫ్ ది సాల్మన్.

దాదాపు 160 కిలోమీటర్ల నది ఇది. మొదలైన చోట రోడ్డు ఉంటుంది, మళ్లీ చివర్లో రోడ్డు వస్తుంది. మధ్యలో ఏమీ లేదు. గాలి నింపిన రాఫ్ట్‌లలో గైడ్‌లతో పాటు ఎక్కి, పగలంతా ట్రౌట్ చేపలకు గాలం వేస్తూ, రాత్రిళ్లు ఒడ్డున టెంట్లలో పడుకుంటూ ఐదారు రోజులు కిందికి వెళ్లడమే ట్రిప్. మూడో రోజు మీ కాలు విరిగిందనుకోండి. వెనక్కి వెళ్లలేరు, ఎందుకంటే నదికి ఎదురు తెడ్డు వేసి ఎవరూ పోలేరు. ముందుకు వెళ్లాలంటే ఇంకా మూడు రోజులు. అప్పుడు మీ జేబులో ఉన్న గ్యాడ్జెట్ ఏం చేయగలదన్నదే అసలు ప్రశ్న.

ముందు నది సంగతి

1968లో అమెరికా వైల్డ్ అండ్ సీనిక్ రివర్స్ చట్టం తెచ్చినప్పుడు మొదట రక్షణ పొందిన 8 నదుల్లో ఇదొకటి. చుట్టూ ఉన్న అడవి పేరు ఫ్రాంక్ చర్చ్ రివర్ ఆఫ్ నో రిటర్న్ వైల్డర్‌నెస్. 1980లో ఏర్పడింది, విస్తీర్ణం 23 లక్షల ఎకరాల పైనే. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో ఒకే ముక్కగా ఉన్న వైల్డర్‌నెస్‌లలో ఇదే పెద్దది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం ఇలాంటి చోట మోటార్ బండ్లు నడవవు. డ్రోన్ కూడా ఎగరేయకూడదు, కాబట్టి కొత్త డీజేఐ కొన్నవాళ్లు దాన్ని ఇంట్లోనే వదిలేయండి.

ఎవరు పడితే వాళ్లు వెళ్లి పడవ దించడం కుదరదు. మే 28 నుంచి సెప్టెంబర్ 3 వరకు రోజుకు ఇన్ని బృందాలే అని లెక్క ఉంటుంది. సొంతంగా వెళ్లేవాళ్లకు లాటరీ తగలాలి. లైసెన్స్ ఉన్న ట్రిప్ కంపెనీ ద్వారా వెళ్తే లాటరీ గొడవ ఉండదు, కానీ ఖర్చు మనిషికి వేల డాలర్లలో ఉంటుంది. వేసవి చివర్లో పైన నీళ్లు తగ్గిపోతే చిన్న విమానంలో ఇండియన్ క్రీక్ అనే ఎయిర్‌స్ట్రిప్‌లో దించి, అక్కడి నుంచి రాఫ్ట్ ఎక్కిస్తారు. ఆ విమానంలో ప్రతి కిలోకీ లెక్క ఉంటుంది. మీ గ్యాడ్జెట్ బ్యాగ్ సైజుని ఇదే నిర్ణయిస్తుంది.

ఫ్లై ఫిషింగ్ మామూలు గాలం లాంటిది కాదు. మామూలు గాలంలో బరువు చివరన ఉంటుంది, అది విసిరితే దారం వెంట పోతుంది. ఇక్కడ కొక్కెం మీద ఈకలు, దారం చుట్టి చేసిన నకిలీ పురుగు ఉంటుంది. దానికి బరువే ఉండదు. బరువంతా లావుపాటి లైన్‌లో ఉంటుంది. రాడ్‌ని వెనక్కీ ముందుకీ ఆడించి లైన్‌ని విసిరితే, పురుగు దాని వెంట వెళ్లి నీళ్ల మీద మెల్లగా వాలాలి. రాఫ్ట్‌లో ముందు ఒకరు, వెనక ఒకరు నిలబడి ఈ పని చేస్తుంటే మధ్యలో కూర్చున్న గైడ్ తెడ్లు వెనక్కి లాగుతూ పడవ వేగాన్ని తగ్గిస్తుంటారు. పురుగు ప్రవాహంతో పాటు సహజంగా తేలితేనే చేప నమ్ముతుంది, లేకపోతే పట్టించుకోదు. నిజానికి ట్రిప్‌లో సగం నైపుణ్యం గైడ్ చేతుల్లోనే ఉంది, ఫొటోల్లో మాత్రం వాళ్లు కనిపించరు.

దొరికే చేప ఎక్కువగా వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్ ట్రౌట్. దవడ కింద కోసినట్టు నారింజ ఎరుపు గీత ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. పట్టిన ప్రతి ట్రౌట్‌నీ తిరిగి వదిలేయాలి. కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, నిజమైన ఎర వాడకూడదు.

ఎస్ఓఎస్ నొక్కితే ఏం జరుగుతుంది?

ఐఫోన్ 14తో వచ్చిన ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ 2022 నవంబర్‌లో అమెరికా, కెనడాల్లో మొదలైంది. 2024లో ఐఓఎస్ 18తో మామూలు మెసేజ్‌లు కూడా శాటిలైట్ ద్వారా పంపే వీలొచ్చింది. అదే ఏడాది పిక్సెల్ 9కీ శాటిలైట్ ఎస్ఓఎస్ ఇచ్చారు. 2025 జులైలో టీ-మొబైల్ స్టార్‌లింక్ ఉపగ్రహాల ద్వారా మామూలు ఫోన్లకే మెసేజింగ్ తెచ్చింది. మరి ఇంకా గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి వేరే డివైస్ కొనడం ఎందుకు?

మొదటి సమస్య ఆకాశం. ఖాళీ మైదానంలో ఐఫోన్ మెసేజ్ 15 సెకన్లలో వెళ్లొచ్చని, చెట్ల కింద నిమిషం పైనే పట్టొచ్చని యాపిల్ చెబుతోంది. ఈ నది కింది భాగంలో ఇంపాసబుల్ కాన్యన్ అని ఉంది. అక్కడ రెండు వైపులా రాతి గోడలు లేచి, తలెత్తితే కనిపించేది సన్నటి ఆకాశం ముక్క. ఆ ముక్కలోకి ఉపగ్రహం వచ్చేదాకా ఏ డివైస్ అయినా ఆగాల్సిందే. ఇన్‌రీచ్ వాడే ఇరిడియం నెట్‌వర్క్‌లో 66 ఉపగ్రహాలు దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. ఒకటి దాటిపోతే ఇంకోటి వస్తుంది. మెసేజ్ వెళ్లేదాకా డివైస్ తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటుంది. ఐఫోన్‌తో అయితే మీరే చేత్తో పట్టుకుని, స్క్రీన్ చూపిస్తున్న దిక్కుకి తిప్పుతూ నిలబడాలి. నిలబడగలిగే స్థితిలో ఉంటే.

రెండోది చేతులు. ఇది మంచు కరిగిన నీళ్ల నది, అందులో పడి లేచాక వేళ్లు మొద్దుబారిపోతాయి. తడి స్క్రీన్ మీద టచ్ ఎలా పిచ్చిగా ప్రవర్తిస్తుందో వానలో ఫోన్ వాడిన అందరికీ తెలుసు. ఇన్‌రీచ్ మినీ 2లో మూత కింద ఒక నిజమైన ఎస్ఓఎస్ బటన్ ఉంది. మూత తీసి నొక్కి పట్టుకోవడమే. బరువు 100 గ్రాములు.

మూడోది మాకు అన్నిటికంటే పెద్దదిగా అనిపిస్తుంది. ఆ ట్రిప్‌లో మీ ఫోనే కెమెరా, ఫోనే మ్యాప్, ఫోనే టార్చ్, రాత్రి పాటలకీ అదే. మూడో రోజు సాయంత్రానికి 9 శాతం మిగిలిన వస్తువు మీద ప్రాణం పెట్టుకోవడం తెలివైన పని కాదు.

అలాస్కా ట్రిప్‌లు చూస్తున్నవాళ్లకు ఇంకో మాట. 62 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన తమ శాటిలైట్ ఫీచర్ పనిచేయకపోవచ్చని యాపిలే చెబుతోంది. నైరుతి అలాస్కాలోని కనెక్టాక్ నది ఆ గీతకు కిందే ఉంది. ఆర్కిటిక్ సర్కిల్ పైన ఉన్న కోబక్ మాత్రం ఆ పరిధి దాటిపోయింది. ఇరిడియంకి ఈ బాధ లేదు.

అయితే ఇంత చెప్పాక కూడా, గైడ్‌తో వెళ్లే ప్రతి ఒక్కరూ ఇన్‌రీచ్ కొనాలని మేం అనం. మంచి కంపెనీ గైడ్ దగ్గర శాటిలైట్ ఫోనో, ఇన్‌రీచో ఉంటుంది. మీరు చేయాల్సింది వేరే. మొదటి రోజు పొద్దున సేఫ్టీ గురించి చెప్పేటప్పుడు అది ఏ పడవలో, ఏ పెట్టెలో ఉందో అడగండి. ఎలా ఆన్ చేయాలో చూపించమనండి. ఆ పెట్టె ఉన్న పడవే వెల్వెట్ ఫాల్స్ దగ్గర తిరగబడితే? దెబ్బ తగిలింది గైడ్‌కే అయితే? అందుకే ఆ డివైస్ పెట్టెలో కాకుండా ఎవరో ఒకరి లైఫ్ జాకెట్‌కి తగిలించి ఉండటం మేలు. ఈ ప్రశ్న అడిగితే గైడ్‌లు చిన్నబుచ్చుకోరు.

ఇంకో విషయం, బటన్ నొక్కగానే హెలికాప్టర్ రాదు. మెసేజ్ ముందు రెస్పాన్స్ సెంటర్‌కి, అక్కడి నుంచి కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి వెళ్తుంది. ఆ తర్వాత వాతావరణం బాగుండాలి, దిగడానికి చోటు ఉండాలి. ఆగస్టులో అడవి మంటల పొగ ఉంటే ఇంకా ఆలస్యం. గంటలు పట్టొచ్చు. రెండు వైపులా మెసేజ్‌లు నడవడం ఇక్కడే ముఖ్యం. ఎప్పుడొస్తున్నారో తెలిస్తే ఒడ్డున ఉన్నవాళ్లు ఏం చేయాలో నిర్ణయించుకోగలుగుతారు.

ఐపీ68, నల్ల కళ్లద్దాలు, పవర్‌బ్యాంక్

ఐపీ68 టెస్ట్ నిలకడగా ఉన్న మంచినీళ్లలో జరుగుతుంది. లోతు, సమయం కంపెనీ చెప్పినంతే. వేగంగా కొట్టే నీళ్లకు, రాతి మీద పడి దెబ్బతిన్న ఫోన్‌కి ఆ రేటింగ్ హామీ ఇవ్వదు. పైగా నీళ్ల వల్ల పాడైతే వారంటీ సాధారణంగా వర్తించదు. అన్నిటికంటే ముందు, నదిలో పడిన ఫోన్ బతికి ఉన్నా మీకు దొరకదు. పదిహేను డాలర్ల తాడు ఉన్న వాటర్‌ప్రూఫ్ పౌచ్ ఇక్కడ టైటానియం ఫ్రేమ్ కంటే విలువైనది.

ఏ రివ్యూలోనూ రాయనిది ఒకటి ఉంది. నీటి మెరుపు తగ్గి చేప కనపడాలంటే ఫ్లై ఫిషింగ్‌లో పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. కొన్ని ఫోన్ల స్క్రీన్ ఆ అద్దాల్లోంచి చూస్తే నిలువుగా బాగానే ఉండి, అడ్డంగా తిప్పగానే నల్లబడిపోతుంది. ఇంకొన్నింట్లో రివర్స్. కొనేముందు షాపులో అద్దాలు పెట్టుకుని ఫోన్ ఒకసారి గుండ్రంగా తిప్పి చూడండి, అర నిమిషం పని.

బ్యాటరీకి సింపుల్ చిట్కా ఏరోప్లేన్ మోడ్. లేని సిగ్నల్ కోసం వెతకడంలోనే ఫోన్ ఛార్జ్ కరిగిపోతుంది. ఆ మోడ్‌లో జీపీఎస్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు, ఎందుకంటే జీపీఎస్ వినడమే తప్ప ఏమీ పంపదు. మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ చేసి ఉండాలి. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని రెండుసార్లు నింపుతుందనుకోకండి. నష్టాలన్నీ పోగా దాదాపు ఒకటిన్నర సార్లే. ఆరు రోజులకు 20,000 తీసుకోండి. అది 74 వాట్-అవర్స్, విమానంలో క్యాబిన్ బ్యాగ్‌కి ఉండే 100 పరిమితి లోపే. లోయలో ఎండ పడే సమయం తక్కువ కాబట్టి సోలార్ ప్యానెల్ మీద మాకు పెద్దగా నమ్మకం లేదు. స్టార్‌లింక్ మినీ పట్టుకెళ్దామా అంటారా? 30 వాట్ల దగ్గర అదే పవర్‌బ్యాంక్ రెండు గంటల్లో ఖాళీ. దానికీ వెడల్పాటి ఆకాశమే కావాలి.

చేపతో సెల్ఫీ

1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్‌ని బాగా అలిసిపోయేలా చేసి చూశారు. గాలిలోకి తీయకుండా వదిలినవాటిలో 12 శాతం చనిపోయాయి. 30 సెకన్లు బయట ఉంచితే 38 శాతం, 60 సెకన్లు ఉంచితే 72 శాతం. తర్వాత ఐడహోలోనే కట్‌త్రోట్ మీద చేసిన పరిశోధనల్లో ఇంత నష్టం కనిపించలేదు. కాబట్టి ఒక్క ఫొటోకే చేప చచ్చిపోతుందని చెప్పలేం. కానీ పోర్ట్రెయిట్ మోడ్ ఫోకస్ కోసం, లెన్స్ తుడుచుకోవడం కోసం దాన్ని గాలిలో వేలాడదీయడానికి కారణమూ లేదు.

చేప వలలో, నీళ్లలోనే ఉండగా ముందు కెమెరా తెరిచి పెట్టుకోండి. లెన్స్ తుడవండి. వాల్యూమ్ బటన్‌ని షటర్‌గా వాడండి, తడి వేళ్లకి అదే దిక్కు. తర్వాత గైడ్ చేపని ఒక్కసారి పైకి లేపితే బర్స్ట్‌లో పది ఫ్రేములు తీసి వదిలేయండి. ఇక్కడ 200 మెగాపిక్సెల్ మోడ్ కంటే షటర్ ఆలస్యం లేని ఫోన్ గెలుస్తుంది. ఆ విషయంలో పాత ఐఫోన్ కూడా కొన్ని కొత్త ఫ్లాగ్‌షిప్‌ల కంటే నయం.

అమెరికాలో ఉంటూ ఇన్‌రీచ్ కొన్నవాళ్లు ఇండియా వచ్చేముందు ఇది చదవండి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ కమ్యూనికేటర్ గానీ తేవడం నేరం. గోవా, ఢిల్లీ ఎయిర్‌పోర్టుల్లో ఇన్‌రీచ్‌తో దొరికిన విదేశీ ట్రెక్కర్లను అదుపులోకి తీసుకున్న సంఘటనలున్నాయి. స్విచాఫ్ చేసి ఉందన్నా, ప్లాన్ క్యాన్సిల్ చేశామన్నా వినరు. శాటిలైట్ ఫీచర్ ఉన్న ఐఫోన్‌కి ఈ ఇబ్బంది లేదు. ట్రిప్ అయ్యాక ఇన్‌రీచ్‌ని లైఫ్ జాకెట్ నుంచి తీసి అమెరికాలోనే అల్మారాలో పెట్టేసి విమానం ఎక్కండి.