అరుంధతి (2009 సినిమా)

అరుంధతి 2009 జనవరి 16న విడుదలైన తెలుగు భయానక చిత్రము. దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత ఎం. శ్యాంప్రసాద్ రెడ్డి. అనుష్క అరుంధతిగా, ఆమె పూర్వీకురాలైన జేజమ్మగా రెండు పాత్రలు ధరించింది. క్షుద్ర మాంత్రికుడు పశుపతిగా సోనూ సూద్ నటించాడు.

కథ గద్వాలలో జరిగినట్లు చూపడము వలన జేజమ్మ నిజముగానే ఆ సంస్థానపు రాణి అనుకునే విద్యార్థులున్నారు. ఆమె కల్పిత పాత్ర. గద్వాల సంస్థానమును చివరగా పాలించినది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. తెరపై కనిపించే భవనము కూడా గద్వాల కోట కాదు. అది ప్రస్తుత నంద్యాల జిల్లా బనగానపల్లెలోని నవాబు బంగళా. అసలు గద్వాల కోట లోపల చెన్నకేశవస్వామి ఆలయమున్నది.

జపాను చిత్రము రింగు (1998) నిశ్శబ్దముతో భయపెట్టగా, ఇది వాద్యములతో, నాట్యముతో, కేకలతో భయపెడుతుంది. పశుపతికి గాత్రదానము చేసిన రవిశంకర్ గొంతుదే అందులో పెద్ద పాలు. ఆసియా భయానక చిత్రములు చూసేవారు తప్పక చూడదగినది. చిన్నపిల్లలకు మాత్రము తగదు.