భయోద్వేగపు అనుభవాలు – అంతర్జాల సర్వేలు

హఠాత్తుగా గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు. ఒళ్లంతా చెమటలు పట్టి, ప్రాణం పోతున్నదేమోనన్న భయం కమ్ముకుంటుంది. కొద్ది నిమిషాలలోనే తీవ్రస్థాయికి చేరే ఈ స్థితిని వైద్యులు ‘పానిక్ అటాక్’ అని వ్యవహరిస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన వర్గీకరణ గ్రంథం ఇందుకు 13 లక్షణాలను పేర్కొని, వాటిలో కనీసం నాలుగు కనిపించాలని నిర్దేశించింది.

లక్షణాలను లెక్కించడం ఒక ఎత్తు, అనుభవించిన వారి మాటలలో ఆ క్షణాలను గ్రహించడం మరొక ఎత్తు. అమెరికా అంతర్యుద్ధ కాలపు సైనికులలో గుండెదడను పరిశీలించిన డాక్టర్ జేకబ్ డకోస్టా, వారిని స్వయంగా పరీక్షించి 1871లో తన అధ్యయనాన్ని ప్రచురించారు. నేడు అటువంటి ప్రశ్నలే సెల్‌ఫోన్ తెరపై, ఆన్‌లైన్ సర్వే రూపంలో ఎదురవుతున్నాయి.

సర్వే వలన ప్రయోజనం

తన బాధను పై అధికారికి చెబితే బాధ్యతలకు పనికిరానివాడినని ముద్ర వేస్తారేమోనని జంకే ఉద్యోగి, పేరు అడగని ప్రశ్నపత్రం ముందు మనసు విప్పగలడు. మరల వస్తుందేమోనన్న భయంతో గడప దాటలేని వారికీ ఇది అందుబాటులో ఉంటుంది. మొదటిసారి ఏమనుకున్నారు, ఏయే చోట్లకు వెళ్లడం మానుకున్నారు, ఎంతకాలానికి ఇతరులకు చెప్పుకున్నారు అన్న విషయాలు ఈ మార్గంలో వెల్లడవుతాయి.

పరిమితులు

అయితే ఆసక్తి గలవారే స్వచ్ఛందంగా పూరించే సర్వే, సమాజంలో ఎందరికి ఈ బాధ ఉన్నదో చెప్పజాలదు. అందుకు శాస్త్రీయంగా ఎంపిక చేసిన నమూనా అవసరం. 25 దేశాలలో జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేల ఫలితాలు 2016లో వెలువడ్డాయి. వాటి ప్రకారం జీవితకాలంలో ఒక్కసారైనా పానిక్ అటాక్‌కు లోనైనవారు 13.2 శాతం కాగా, అది పానిక్ డిజార్డర్ అనే రుగ్మతగా పరిణమించినవారు 1.7 శాతం మాత్రమే.

భాష మరొక చిక్కు. మనవారు ‘గాభరా’, ‘దడ’, ‘ఆందోళన’ అనే మాటలను వేర్వేరు అర్థాలలో వాడతారు. ఆంగ్ల ప్రశ్నను యథాతథంగా అనువదిస్తే అడిగినది ఒకటి, చెప్పినది మరొకటి కాగలదు.

గోప్యత

పేరు రాయనంత మాత్రాన గోప్యత సిద్ధించదు. పదిమంది పనిచేసే విభాగంలో వయసు, షిఫ్టు, హోదా అడిగితే జవాబు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. కనుక అవసరం లేని వివరాలు అడగరాదు. ఉద్దేశమేమిటో, సమాచారం ఎవరి చేతికి వెళ్తుందో ముందే తెలిపి, సమ్మతి పొందాలి. మధ్యలో విరమించుకునే స్వేచ్ఛ ఉండాలి. సహాయం కోరవలసిన చోటు కూడా ఆ పత్రంలోనే సూచించాలి.

సర్వే రోగనిర్ధారణ కాదు. గుండెజబ్బు, థైరాయిడ్ లోపాలు సైతం ఇటువంటి లక్షణాలనే చూపగలవు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం మొదటిసారి కలిగినప్పుడు ‘ఇది భయమేలే’ అని సరిపెట్టుకోక తక్షణం వైద్యుని సంప్రదించాలి. పానిక్ డిజార్డర్ అని తేలితే మానసిక చికిత్స, మందులు ఉపకరిస్తాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవను 14416 నంబరుపై పొందవచ్చు.

సర్వేలో నిర్భయంగా రాయగలిగిన మాటను సహోద్యోగితోనూ చెప్పుకోగల వాతావరణాన్ని కల్పించడం మనందరి కర్తవ్యం.