Jon Tester: మూడు వేళ్లు లేని రైతు.. 18 ఏళ్లు అమెరికా సెనేటర్! ఎవరీ జాన్ టెస్టర్?

సెనేటర్ అంటే సూటూ బూటూ గుర్తొస్తాయి. కానీ ఈయన స్టైలే వేరు. వారమంతా వాషింగ్టన్‌లో డ్యూటీ, వీలు దొరికితే సొంతూళ్లో ట్రాక్టర్ మీద. ఆయనే జాన్ టెస్టర్.

9 ఏళ్లకే ప్రమాదం

మోంటానా రాష్ట్రంలోని బిగ్ శాండీ అనే చిన్న ఊరు ఆయనది. 1956లో పుట్టారు. 9 ఏళ్ల వయసులో ఇంట్లో మాంసం రుబ్బే మెషిన్‌లో ఎడమ చెయ్యి పడి మూడు వేళ్లు పోయాయి. అయినా ఆగలేదు. కుడిచేత్తో మీటలు నొక్కే ట్రంపెట్ నేర్చుకున్నారు. మ్యూజిక్‌లో డిగ్రీ చేసి, ఊరి బడిలో సంగీతం టీచర్‌గా పనిచేశారు. తర్వాత తాతల నాటి పొలం చూసుకున్నారు. దాదాపు 1,800 ఎకరాల ఆ భూమిని 1980ల్లో సేంద్రియ సాగుకు మార్చారు.

కరెంటు బిల్లుతో రాజకీయాల్లోకి

1997లో మోంటానా ప్రభుత్వం కరెంటు రంగంపై నియంత్రణ ఎత్తేసింది. ఛార్జీలు పెరిగి జనం ఇబ్బంది పడ్డారు. ఆ కోపంతోనే టెస్టర్ 1998లో రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసి గెలిచారు. 2005లో ఆ సభకే ప్రెసిడెంట్ అయ్యారు. 2006లో అమెరికా సెనేట్‌కు పోటీ పడి, సిట్టింగ్ సెనేటర్ కాన్రాడ్ బర్న్స్‌ను దాదాపు 3,500 ఓట్ల తేడాతో ఓడించారు. అప్పుడు సెనేట్‌లో డెమోక్రాట్లకు మెజారిటీ రావడానికి ఈ సీటూ ఒక కారణం.

ఏం చేశారు?

* ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు, పెద్ద కంపెనీల రూల్స్ చిన్న రైతుల మీద పడకూడదని పట్టుబట్టారు. ఏడాదికి 5 లక్షల డాలర్లలోపు అమ్మకాలు ఉండి, ఎక్కువగా నేరుగా స్థానికులకే అమ్మే రైతులకు మినహాయింపు దక్కింది.
* ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చెత్త తగలబెట్టిన గుంతల విషపు పొగతో జబ్బు పడ్డ మాజీ సైనికులకు వైద్యం, పరిహారం అందించే పాక్ట్ చట్టం 2022లో వచ్చింది. అప్పుడు సెనేట్ మాజీ సైనికుల కమిటీ ఛైర్మన్ ఈయనే.

మరి ఎందుకు ఓడిపోయారు?

2012, 2018లలోనూ టెస్టరే గెలిచారు. 2016లో ట్రంప్‌కు దాదాపు 20 పాయింట్ల ఆధిక్యం ఇచ్చిన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. పార్టీ ఏదైనా, మన రైతే కదా అని జనం ఓటేశారు. 2024కి సీన్ మారింది. పల్లె ఓటరు మనిషిని కాకుండా పార్టీని చూసి ఓటేయడం పెరిగింది. రిపబ్లికన్ టిమ్ షీహీ చేతిలో టెస్టర్ సుమారు 7 పాయింట్ల తేడాతో ఓడారు. అదే ఎన్నికలో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ అక్కడ దాదాపు 20 పాయింట్లతో వెనకబడ్డారు. అంటే పార్టీకి పడని ఓట్లు కూడా కొన్ని టెస్టర్‌కు పడ్డాయి. కానీ గెలుపునకు అవి సరిపోలేదు.

ఆయన ఓటమితో కాంగ్రెస్‌లో మోంటానా నుంచి డెమోక్రాట్ ఒక్కరూ మిగల్లేదు. సొంతంగా పొలం దున్నే సెనేటర్ కుర్చీ కూడా ఖాళీ అయింది.