ఏడు ద్వారాల కొండ మీద

మా అమ్మాయి ఎనిమిదవ తరగతి. ఒకనాటి సాయంత్రం బడి నుండి వచ్చి, సంచి కూడా దించకుండా అడిగింది: "అబ్బా, మనం ఎక్కడి నుండి వచ్చాము? మా తరగతిలో ఒకరు మీరు బయటివారు కదా అన్నారు."

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చెప్పవలసినది లేక కాదు, ఒక్క మాటలో చెప్పితే పిల్ల మనసుకు పట్టదని. ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ కోయిలకొండకు బయలుదేరాము.

మహబూబ్‌నగర్ నుండి పడమటగా గంటలోపు ప్రయాణం. ఈ పట్టణాన్ని పెద్దలు నేటికీ పాలమూరు అనే పిలుస్తారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయినది 1890లో. దారికి ఇరువైపులా జొన్నచేలు, సీతాఫలం పొదలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న నల్లరాతి గుండ్లు. ఊరు చేరకముందే కొండ కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల రామకొండ మొదలైన గుట్టలు ఎన్ని ఉన్నా, కోటగోడలు చుట్టుకున్న ఈ కొండ మీదనే కన్ను నిలుస్తుంది.

కోటకు చేరడానికి రెండు దారులు. పడమటి వైపు లోతైన లోయ దిగి, వాగులు దాటి, మెట్లు ఎక్కాలి. ఉత్తరపు వైపు ఏడు ద్వారాలు దాటుకుంటూ వెళ్ళాలి. మేము ద్వారాల దారినే ఎంచుకున్నాము. కొండ మొదట్లో మేకలు కాస్తున్న ఒక ముసలాయన మా చేతుల్లోని సీసాలు చూసి ఆగాడు. "గిన్నే నీళ్లా సాబ్? పిలగాండ్లున్నరు. ఇంకిన్ని తెచ్చుకోండ్రి, పైన తాగేటి నీళ్లు దొరకయి" అన్నాడు. మేము నవ్వి, త్వరగానే దిగివస్తాము తాతా అన్నాము. ఆయన మాట వినకపోవడం మా తప్పు. ఆ సంగతి ముందు చెబుతాము.

మొదటి ద్వారం దగ్గర ఆగాము. ఇక్కడిది 1550 నాటి, ఇబ్రహీం కుతుబ్ షా కాలపు శాసనం. మేము వెతుక్కుంటూ వచ్చిన జవాబు ఇదే. అక్కడే ఒక రాతి మీద కూర్చొని పిల్లలకు ఆ కథ చెప్పాము.

గోల్కొండ మొదటి సుల్తాను కులీ కుతుబ్ షా 1543లో హత్యకు గురయ్యాడు. కుమారుడు జంషీద్ గద్దెనెక్కాడు. తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో పారిపోయి, చివరకు విజయనగరం చేరాడు. అక్కడ అళియ రామరాయలు అతనికి ఆశ్రయమిచ్చాడు. ఏడేండ్లు ఆ యువరాజు అక్కడే అతిథిగా ఉన్నాడు. తెలుగు మాట, తెలుగు కవిత్వం అతనికి అలవడినవి. 1550లో జంషీద్ మరణించగా, గోల్కొండ ప్రముఖులు ఇబ్రహీంను పిలిపించారు. అతను తిరిగివచ్చే దారిలో ముందుగా అతని పక్షాన నిలిచినది ఈ కోయిలకొండ. కోటను కాపాడుతున్న తెలుగు నాయకవాడీ సైనికులు అతనికి విశ్వాసంగా ఉంటామని ప్రమాణం చేశారు. ఆ ప్రమాణం తెలుగులోనే రాతికెక్కింది.

ఆ తరువాత ఇబ్రహీం ముప్పై ఏండ్లు పాలించాడు. తెలుగు కవులు అతన్ని 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అతనికే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యమైన 'యయాతి చరిత్రము'ను పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యంగా మిగిలిన ఈ సంగతులకు ఈ కొండ ఒక ఆరంభం.

అమ్మాయి అంతా విని, "మరి తళ్ళికోట యుద్ధంలో రామరాయల మీదికి వెళ్ళినవారిలో ఇబ్రహీం కూడా ఉన్నాడు కదా?" అన్నది. ఔను, ఉన్నాడు. 1565లో, తనకు అన్నం పెట్టిన ఇంటి మీదికే సేనలతో వెళ్ళాడు. రాజుల స్నేహాలు రాజ్యాల లెక్కలకు లోబడి ఉంటాయని మాత్రమే చెప్పగలిగాము. మనకు నచ్చిన పుటలే చదివి, నచ్చనివి మడిచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు. అయితే రాజు మారినా, యుద్ధం జరిగినా, ఈ ఊళ్ళలో పక్కపక్కన బతికినవారి బతుకు ఆగలేదు.

నాలుగవ ద్వారం దాటాక శిథిలమైన మహలు, మసీదు, ఈద్‌గాహ్ కనిపిస్తాయి. అప్పటికే ఎండ నడినెత్తికి వచ్చింది. రాళ్ళు కాలుతున్నాయి. సీసాలలో నీళ్ళు అడుగంటాయి. మా చిన్నవాడి పెదవులు ఎండిపోయి, అడుగు వేయనని మారాం చేస్తున్నాడు. కింద ఆ ముసలాయన చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాము. మిగిలిన నీళ్ళు పిల్లలకు, మా అమ్మీకి తాగడానికే ఉంచి, మేము శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకొని, గోడనీడన జుహర్ నమాజు చేసుకున్నాము. తాగునీటికే కొరత ఉన్నప్పుడు అల్లాహ్ తన దాసులకు ఇచ్చిన ఈ వెసులుబాటు ఎంతటి కారుణ్యమో ఆ రాళ్ళ మధ్య తెలిసింది.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మీ చెట్టునీడన ఆగిపోయింది. మిగిలినవారము నెమ్మదిగా పైకి చేరాము. నలుదిక్కులా ఎర్రనేల, అక్కడక్కడ మెరిసే చెరువులు, దూరాన వరుసగా గుట్టలు. కింద మసీదు మినారు, గుడి గోపురం, బడి కప్పు అన్నీ ఒకే పిడికిలిలో ఇమిడేటంత చిన్నవి. అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొండలెక్కాలనుకునే కుటుంబాలకు మన సీమలో కొదవ లేదు. నల్లగొండ పేరులోనే కొండ ఉంది. ఆ పట్టణంలో లతీఫ్ సాహెబ్ గుట్ట మీద దర్గా ఉంది. దేవరకొండ, రాచకొండ కోటలున్నాయి. భువనగిరిది ఒకే ఏకశిల. ఎవరెస్టు శిఖరాన్ని 2014 మే 25న పదమూడేండ్ల వయసులో చేరిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదనే. ఎక్కడికి వెళ్ళినా తెల్లవారుజామునే బయలుదేరండి, ఫజర్ తరువాతి చల్లదనం చాలా దూరం నడిపిస్తుంది. మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్ళు తీసుకోండి. వానకాలంలో పాచిపట్టిన రాళ్ళ మీద, కోటగోడల అంచున పిల్లలను ఒంటరిగా వదలకండి. శిథిలాల మీద పేర్లు చెక్కకండి, చెత్త వదలకండి. అన్నిటికన్నా ముందు, ఆ ఊరి పెద్దల మాట వినండి.

ఎత్తు ఎక్కేటప్పుడు 'అల్లాహు అక్బర్' అనడం, దిగేటప్పుడు 'సుబ్‌హానల్లాహ్' అనడం దైవప్రవక్త (స) సహచరుల అలవాటు. ఎక్కేటప్పుడు ఆయాసంలో మరిచిపోయాము. దిగేటప్పుడు పిల్లలే గుర్తుచేశారు. కింద ఆ ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఏమీ అనకుండా తన కుండలోని నీళ్ళు చిన్నవాడి దోసిట్లో పోశాడు.

తిరుగుదారిలో అమ్మాయి తన పుస్తకంలో ఏదో రాసుకున్నది. ఇల్లు చేరాక మాకు చూపించింది. "మేము ఈ కొండ కింది వాళ్ళము" అని ఉన్నది.