మీకు తెలుసా? రబ్బరు నడుముకు హైడ్రోజన్ మందు

టూత్‌బ్రష్ పిడి మీద బొటనవేలు ఆనేచోట మెత్తగా ఉండే పట్టు చాలాసార్లు ఎస్‌ఈబీఎస్ అనే బ్లాక్ కోపాలిమర్‌తో చేసిందే. దాని తల్లి ఎస్‌బీఎస్.

● ఎస్‌బీఎస్ గొలుసుకు రెండు కొసలా పాలిస్టైరీన్, నడుమ పాలిబ్యూటాడైన్. గొలుసు కొస చురుగ్గానే ఉండిపోయే పద్ధతిని 1956లో మైఖేల్ స్వార్క్ చూపించాక ఇలా ముక్కలను వరసగా పెంచడం వీలైంది. షెల్ కంపెనీ 1965లో దీన్ని క్రేటన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది.

● కొసల్లోని పాలిస్టైరీన్ నానోమీటర్ల సైజులో గట్టి ఉండలు కట్టి గొలుసులను ముడివేస్తుంది. నడిమి ముక్క సాగుతుంది. సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కు ఆ ఉండలు మెత్తబడతాయి. అందుకే దీన్ని గంధకంతో ఉడికించే పని లేదు, కరిగించి మళ్లీ పోత పోయొచ్చు.

● చిక్కల్లా నడిమి ముక్కలో మిగిలిన ద్విబంధాలతోనే. ఎండ, ఓజోన్ వాటిమీదే పడతాయి, రబ్బరు పగుళ్లిస్తుంది. నికెల్ లేదా కోబాల్ట్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ ఎక్కిస్తే ద్విబంధాలు పోతాయి, స్టైరీన్ వలయాలు చెక్కుచెదరవు. పని పూర్తయిందో లేదో పరారుణ వర్ణపటం చెబుతుంది: 966, 911 సెం.మీ⁻¹ దగ్గరి శిఖరాలు అణిగిపోవాలి. అలా వచ్చిందే ఎస్‌ఈబీఎస్.

● ఇక్కడో మెలిక ఉంది. బ్యూటాడైన్ అణువులన్నీ తిన్నగా అతుక్కుని ఉంటే, హైడ్రోజన్ ఎక్కగానే నడుము పాలిథీన్‌గా మారి స్ఫటికాలు కట్టి బిరుసెక్కుతుంది. అందుకే గొలుసు పెంచేటప్పుడే ఈథర్‌లాంటిది కాస్త కలిపి, మూడోవంతుకు పైగా అణువులు పక్కకొమ్మలు వేసేలా చూస్తారు. కొమ్మలుంటే స్ఫటికం కట్టదు, సాగుడు నిలుస్తుంది.

● ఎస్‌ఈబీఎస్‌కు 2 శాతం లోపు మలేయిక్ అన్‌హైడ్రైడ్ అతికిస్తే నైలాన్‌తో రసాయనికంగా కలుస్తుంది. దెబ్బకు విరిగే నైలాన్ దెబ్బలను తట్టుకునేలా మారుతుంది.

● స్టైరీన్ వలయాలకు సల్ఫోనిక్ ఆమ్లం తగిలిస్తే పదార్థం ప్రోటాన్లను మోస్తుంది. కానీ కొసలే నీళ్లు పీల్చి ఉబ్బితే ముడులు సడలుతాయి. అందుకే నెక్సార్ అనే అయిదు ముక్కల పాలిమర్‌లో సల్ఫోనేషన్ నడిమి స్టైరీన్‌కే జరిగేలా చూశారు. కొసల్లోని స్టైరీన్‌కు ముందే టెర్షియరీ బ్యూటైల్ గుంపు అడ్డుపెట్టడంతో, తడిలోనూ ముడులు సడలవు.